బెల్షస్సరు నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ మొదటి అధ్యాయాలు చదివాను. వాక్యం నీకు పట్టుబడింది, ఆ దిగులు లేదు. నా అభ్యంతరమంతా నువ్వు మొదలుపెట్టిన చోటు మీదే. మొదటి పేజీలోనే బెల్షస్సరు విందు పెట్టేశావు. వెయ్యిమంది అధిపతులు, యెరూషలేము ఆలయం నుంచి వెనకటి బబులోను రాజు నెబుకద్నెజరు తెచ్చిన పాత్రల్లో ద్రాక్షారసం, దీపం ఎదుట గోడ మీద రాసే వేళ్లు. ఆదివారం బడికి వెళ్లిన ఏ పిల్లవాణ్ణి అడిగినా బైబిలులోని దానియేలు గ్రంథం ఐదో అధ్యాయం అప్పజెబుతాడు. ముగింపు ముందే తెలిసిన పాఠకుణ్ణి ఆ ముగింపుతోనే కట్టిపడేయాలనుకోవడం వృథా ప్రయాస.

అసలు బెల్షస్సరు పట్టాభిషిక్తుడైన రాజు కాడు, బబులోను రాజుగారి పెద్ద కొడుకు. తండ్రి నబోనిదస్ క్రీ.పూ. 556లో గద్దెనెక్కాడు. కొన్నేళ్లకే సైన్యాన్నీ రాజ్యభారాన్నీ కొడుక్కి అప్పగించి, అరేబియా ఎడారిలోని తేమాకు వెళ్లి పదేళ్లపాటు అక్కడే ఉండిపోయాడు. బబులోను లేఖరుల వృత్తాంతంలో ఆ ఏళ్లకు ఒకటే పల్లవి: రాజు తేమాలో ఉన్నాడు, యువరాజు, అధికారులు, సైన్యం అక్కదులో, అంటే బబులోను దేశంలో, ఉన్నారు, నీసాను నెలలో రాజు బబులోనుకు రాలేదు, నగరదేవుడు బేలు ఊరేగింపు జరగలేదు. కొత్త సంవత్సరపు పండుగలో దేవుడి చెయ్యి పట్టుకుని నడిపించవలసింది రాజే. యువరాజుకు సైన్యం ఉంది, అధికారం ఉంది. పండుగ జరిపించే అర్హత మాత్రం లేదు. పండుగ లేకుండా ఏళ్లు గడిచిన నగరంలో, ఆ లోటు తనవల్ల తీరదని తెలిసీ పరిపాలన చేస్తున్న మనిషి ఉన్నాడే, నీ కథానాయకుడు అతను.

నబోనిదస్ పాలన తొమ్మిదో ఏట, 547లో, యూఫ్రటీసు ఒడ్డున సిప్పరుకు ఎగువనున్న దూర్-కరషులో బెల్షస్సరు నాయనమ్మ అదద్-గుప్పి చనిపోయింది. నూరేళ్లు దాటిన మనిషి. యువరాజూ అతని సైన్యమూ మూడు రోజులు దుఃఖించారని అదే వృత్తాంతం చెబుతోంది. కన్నకొడుకు మాత్రం ఆ ఏడు కూడా తేమాలోనే. తల్లి పోయిన కబురు ఎడారికి ఎవరు మోసుకెళ్లారు? కర్మలు ఎవరి పేరున జరిగాయి? ఇంత పెద్ద ఘట్టాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు!

అతన్ని వట్టి తాగుబోతును చేసేయకు. ఆ కాలపు మట్టి పలకల్లో అతని కార్యదర్శి మూడేళ్లకు ఇల్లు అద్దెకు తీసుకున్న ఒప్పందం ఉంది, అతని ఉన్ని అమ్మిన వెండి బాకీ లెక్క ఉంది. లెక్కాపత్రం తెలిసిన ఇల్లు అది. గోడ మీది రాత చదివినవాడికి ఊదారంగు వస్త్రం, బంగారు గొలుసు, రాజ్యంలో మూడో స్థానం ఇస్తానంటాడు చూడు. రెండోది తనదే కనుక మూడోది ఇవ్వజూపాడని చాలామంది వివరణ. అంత మత్తులోనూ, అంత భయంలోనూ తన వరస మరిచిపోని మనిషన్నమాట. ఆ ఒక్క గీతతో పాత్ర నిలబడుతుంది.

మరొకటి. ఒకప్పుడు ఇతను కల్పిత వ్యక్తేనని వాదించిన పండితులున్నారు. 1854లో ఉర్ నగరపు జిగ్గురాత్ (మెట్లమెట్లుగా కట్టిన ఆలయ గోపురం) మూలల్లో దొరికిన మట్టి శాసనాలు ఆ నోళ్లు మూయించాయి. వాటిలో తండ్రి చంద్రదేవుణ్ణి వేడుకుంటాడు: నా పెద్దకొడుకు బెల్షస్సరు గుండెలో నీపట్ల భయభక్తులు నిలుపు, అతను పాపం చేయకుండా చూడు. ఈ ప్రార్థనను ఎక్కడో ముందు పెట్టి ఊరుకో. విందు దగ్గర మళ్లీ గుర్తుచేశావో, చెడగొట్టినట్టే. అలాగే దానియేలు గ్రంథం నెబుకద్నెజరును అతని తండ్రి అంటుంది, శాసనాలు నబోనిదస్ అంటాయి. ఈ తగాదాను పాత్రల నోట పెట్టకు. వాళ్లకు పురావస్తు శాఖతో పనిలేదు.

ఇక చావు. ఆ రాత్రే హతుడయ్యాడంటుంది బైబిలు. లేఖరుల వృత్తాంతం 539లో ఓపిస్ పట్టణం దగ్గర యుద్ధం, సిప్పరు పోరాటం లేకుండా లొంగిపోవడం, రెండు రోజులకే పారసీక రాజు కోరెషు సైన్యం బబులోనులో అడుగుపెట్టడం, నబోనిదస్ పట్టుబడటం అన్నీ చెప్పి, కొడుకు ఊసెత్తదు. కనుక ఓపిస్‌లో చంపుతావో, విందులోనే చంపుతావో నీ ఇష్టం. రెండూ చూపించి పాఠకుణ్ణి ఎంచుకోమనడం మాత్రం తప్పించుకోవడమే.

మొదటి అధ్యాయం తిరగరాసి పంపు. అందులో విందు కనిపిస్తే చదవకుండానే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు