తోక అలికినట్టున్న గుర్రం

ప్రశ్న: మా ముత్తాత, ఆయన తమ్ముడు చిన్నప్పుడు పోనీ గుర్రం పక్కన నిలబడిన పటం ఒకటి మా ఇంటి హాల్లో ఉంది. 1890 ప్రాంతానిదని నాన్నగారు చెప్పేవారు. పిల్లల షేర్వానీలకు రంగులున్నాయి, గుర్రం తోక మాత్రం అలికినట్టుంది. మా వదిన పెయింటింగ్ అంటుంది, నేను ఫోటో అంటాను. చుట్టాలైతే దీన్ దయాళ్ తీసిందే అంటారు. బాగా మాసిపోయింది, అద్దం తీసి తడిగుడ్డతో తుడవచ్చా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ముందు ఆ తడిగుడ్డ అవతల పెట్టండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీరు పంపిన కాపీని పెద్దది చేసి చూశాను. గెలుపు మీదే, అలాగని వదినగారూ పూర్తిగా ఓడిపోలేదు. అడుగున ఉన్నది ఫోటో, పైన చేత్తో వేసిన రంగు. ఫోటోల మీద ఇలా చిత్రకారుల చేత రంగులు వేయించడం అప్పట్లో మన దేశంలో మామూలే. అసలు సంగతి పట్టించింది ఆ తోకే. బొమ్మ గీసేవాడైతే వెంట్రుక వెంట్రుకా దిద్దేవాడు కదా! ఆ రోజుల్లో వెలుతురు చాలకపోతే కొన్ని సెకన్లు కదలకుండా నిలబడాల్సి వచ్చేది, కదిలిందల్లా ఫోటోలో అలికినట్టు పడేది, అందుకని మెడ వెనక ఆసరాగా ఇనప స్టాండు పెట్టేవారు. పెద్దబ్బాయి మడమ వెనక నల్లగా ఏదో పొడుచుకొచ్చింది చూడండి, అది ఆ స్టాండు కాలే. చిన్నవాడు కళ్లెం బిగించి పట్టుకుని ఊపిరి కూడా ఆపేసినట్టున్నాడు పాపం. గుర్రానికి ఈ టెన్షన్ ఏమీ లేదు, ఈగ వాలిందేమో, తోక ఊపేసింది.

దీన్ దయాళ్ సంగతికొస్తే, ఆయన 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్, 1905లో పోయారు. కాలం సరిపోతుంది, అంతమాత్రాన ఆయనే తీశారనలేం. హైదరాబాద్‌లో పాత ఫోటో ఏది దొరికినా ఆయన ఖాతాలో వేసేయడం మనకు అలవాటైపోయింది. స్టూడియో పేరు మామూలుగా ఫోటో అతికించిన అట్ట అడుగున గానీ వెనక గానీ అచ్చు వేసి ఉంటుంది.

ఇక తుడవడం. అప్పటి ఫోటో కాగితాల్లో చాలావాటికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవారు, దాని మీద వేసిన నీళ్ల రంగుకు తడి తగిలితే ఆ షేర్వానీలు గుడ్డకే అంటుకొచ్చేస్తాయి. అద్దానికి ఫోటో అతుక్కుని ఉంటే పీకకండి, పాత ఫోటోలు బాగుచేసేవాళ్లకే వదిలేయండి. ఎండ పడని గోడకు మార్చండి. స్కాన్ చేయించేటప్పుడు అట్ట వెనకవైపు కూడా చేయించడం మర్చిపోకండి.