పాలమూరు, నల్లగొండ వైపు తిండి కోసం వస్తే ముందు ఏ నెలో చూసుకోండి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్ నుంచి సొంత కారులో రెండు రోజులు, ఇద్దరు చిన్న పిల్లలు, మెత్తగా ఉంటే తప్ప నమలలేని అమ్మగారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎటు పోతే బాగుంటుంది, ఎక్కడ ఏం తినాలి, ఇంటికి ఏం కొనుక్కోవాలి అని.

నా పుట్టిల్లు వనపర్తి దగ్గర పల్లె. అత్తిల్లు మిర్యాలగూడ. ఇరవై ఏళ్లుగా ఈ రెండు దిక్కులూ తిరుగుతూనే ఉన్నాను. కాబట్టి తిన్నదీ, వండిందీ, పిల్లలకు పెట్టిందీ చెబుతాను. రెండు జిల్లాలనూ రెండు రోజుల్లో చుట్టేయాలని మాత్రం పెట్టుకోకండి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఇప్పుడు ఐదు జిల్లాలు, పాత నల్లగొండ మూడు. రోడ్డు మీదే పొద్దు గడిచిపోతుంది, పిల్లలు విసిగిపోతారు. ఒక దిక్కు ఎంచుకోండి. ఏ దిక్కు అన్నది మీరు వచ్చే నెలను బట్టి ఉంటుంది.

సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ లోపు వస్తే ఇంకో ఆలోచన లేకుండా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు రండి. అది సీతాఫలాల కాలం. షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు పోతుంటే బాలానగర్ వస్తుంది. దేశమంతా సాగుచేసే ‘బాలానగర్’ రకం సీతాఫలానికి ఆ పేరు ఈ ఊరిదే. హైవే పక్కన ఆడవాళ్లు గంపలు పెట్టుకుని కూర్చుంటారు. పెద్ద కాయ కనపడగానే తీసుకోకండి, కళ్లు తెరిచిన కాయ తీసుకోండి. అంటే కాయ మీద బుడిపె బుడిపెకీ మధ్య గాడి వెడల్పయి, అక్కడ తెల్లగా, లేత పసుపుగా కనిపించాలి. ఆ కాయ ఇంట్లో పాత బట్టలో చుట్టి పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. కళ్లు తెరవని కాయ పండదు, నల్లబడి గట్టిగా అట్లాగే ఉండిపోతుంది. పండినవి నాలుగు, పండబోయేవి మిగతావి అని అడగండి, ఏరి ఇస్తారు. మీ అమ్మగారికి ఇంతకంటే మెత్తని తిండి ఉండదు, గింజలు తీసి ఇస్తే చాలు.

చిన్నప్పుడు మేం పశువుల వెంట గుట్టకు పోయి, పచ్చి సీతాఫలాలు కోసి, ఎండు పుల్లల మంటలో కాల్చుకుని తినేవాళ్లం. పైతోలు నల్లగా మాడుతుంది, లోపల గుజ్జు వేడిగా, పొగ వాసనతో ఉంటుంది. ఆ రుచి ఏ హోటల్‌లోనూ దొరకదు. పొలం ఉన్న చుట్టాలెవరైనా ఉంటే తప్పకుండా అడిగి కాల్పించుకోండి.

ఇక రొట్టె. ఈ ప్రాంతానికి వచ్చి బిర్యానీ తిని పోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, ఏ టౌన్‌కైనా పోండి, సాయంత్రం ఐదు దాటాక బస్టాండ్ దగ్గరో, కూరగాయల మార్కెట్ పక్కనో కట్టెల పొయ్యి ముందు ఆడవాళ్లు జొన్నరొట్టెలు చేస్తూ కనిపిస్తారు. బోర్డు ఉండదు. రొట్టె తట్టే చప్పుడు వినబడుతుంది, ఆ చప్పుడు వెంట పోవడమే. ఒక్క నిమిషం నిలబడి చూడండి. మరిగే నీళ్లతో పిండి కలుపుతున్నారా, రెండు మూడు రొట్టెలకు సరిపడా మాత్రమే ఎప్పటికప్పుడు పిసుకుతున్నారా అన్నది ముఖ్యం. గోధుమలో ఉండే జిగురు జొన్నలో లేదు. వేడినీళ్లు పోసి గట్టిగా పిసికితేనే పిండి సాగుతుంది. పాత పిండి అయితే ఎంత పిసికినా అంచులు పగులుతాయి. మంచి రొట్టె పెనం మీద తడిగుడ్డ రాసిన తర్వాత, నిప్పు మీద పూరీలాగా పొంగుతుంది.

దానితో ఏం తినాలంటే, ఇంటి కారం తప్ప ఇంకేదీ వద్దంటాను. ఎల్లిపాయ కారం, పల్లీల పొడి, పుంటికూర తొక్కు. ఆంధ్ర వైపు గోంగూర అనేదే మాకు పుంటికూర. మాంసం తినేవాళ్లయితే నాటుకోడి పులుసు, బోటి కూర. శాకాహారులైతే పుంటికూర పప్పు, పైన పచ్చి ఉల్లిగడ్డ. మీ అమ్మగారికి రొట్టె వేడిగా ఉన్నప్పుడే తుంచి పప్పులో నానబెట్టి ఐదు నిమిషాలు ఆగండి, చక్కగా తింటారు. మా నాయనమ్మ చివరి పదేళ్లు అట్లాగే తిన్నది.

పిల్లలు జొన్నరొట్టె అంటే మొహం తిప్పుకుంటారు, నాకు తెలుసు. మా చిన్నోడు అంతే. వాళ్లకు మలీద చేసిపెట్టండి. సజ్జరొట్టె వేడిగా ఉన్నప్పుడే చేత్తో చిదిమి, బెల్లం తురుము, నెయ్యి వేసి ముద్ద కట్టడమే. సద్దుల బతుకమ్మ నాడు నైవేద్యం పెట్టే మలీద ఇదే. రొట్టెలు చేసే ఆమెనే సజ్జరొట్టె ఒకటి అడిగి, కారులో ఒక డబ్బాలో బెల్లం, నెయ్యి పెట్టుకుంటే పని అయిపోతుంది. సజ్జపిండి మాత్రం ఇంటికి ఎక్కువ కొనకండి. అందులో నూనె ఉండటం వల్ల పది రోజులకే చేదు వస్తుంది. సజ్జలు కొనుక్కుని కావలసినప్పుడు పట్టించుకోవడం మేలు.

పొద్దున్నే టిఫిన్‌కు గద్వాలలో ఉంటే ఉగ్గాని తినండి. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపు, పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ తిండి అది. కర్నూలు వాళ్లదీ, వీళ్లదీ ఒకటే నాలుక.

గద్వాల దాకా వచ్చాక జూరాల చూడకుండా పోరు. కృష్ణానది తెలంగాణలోకి అడుగుపెట్టాక మొదట వచ్చే ప్రాజెక్టు అది. డ్యామ్ దగ్గర చేపలు అక్కడికక్కడే వేయించి ఇస్తారు, ఆదివారం జనం బాగా ఉంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆరేళ్ల కింద ఒక ఆనకట్ట దగ్గర, పేరు వద్దు, ఆకలి మీద ఉండి మసాలా పట్టించి పెట్టిన ముక్కలు వేయించమన్నాం. ఎర్రగా, ఘుమఘుమలాడుతూ వచ్చాయి. ఆ రాత్రంతా మా చిన్నోడికి వాంతులు, తెల్లారేదాకా నాకు టెన్షన్. అప్పటి నుంచి మసాలా పట్టించిన ముక్క ముట్టుకోను. చేపను చేపగానే చూస్తాను. మొప్పలు ఎత్తితే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి మెరవాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. కళ్ల ముందు తూకం వేయించి, కోయించి, అప్పుడు మసాలా. ముప్పావు గంట పడుతుంది, పడనివ్వండి. అంతసేపు పిల్లలకు నీళ్లు చూపించండి.

పిల్లలున్నారు కాబట్టి ముళ్ల సంగతి కూడా. బొచ్చె, రవ్వ రుచిగా ఉంటాయి కానీ తోక వైపు ముక్కల్లో సన్నముళ్లు ఎక్కువ. పొట్ట వైపు ముక్కలు అడగండి, అక్కడ ముళ్లు పెద్దవి, చేతికి దొరుకుతాయి. కొర్రమీను దొరికితే ధర ఎక్కువైనా అదే తీసుకోండి. సన్నముళ్లు ఉండవు, ముసలివాళ్లకూ పిల్లలకూ భయం లేకుండా పెట్టవచ్చు. మన రాష్ట్ర చేప కూడా అదే.

జూరాల నుంచి అలంపురం పోతే జోగులాంబ గుడి, బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. ఆ రాళ్ల నీడలో అరగంట కూర్చుంటే పొద్దున తిన్న ఉగ్గాని అరుగుతుంది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గురించి ఒక మాట. మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రిచెట్టు, వయసు దాదాపు 700 ఏళ్లంటారు. 2018లో చెదలు పట్టి ఎండిపోతుంటే మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు కట్టి మందు ఎక్కించారు. పిల్లలకు ఈ కథ చెప్పి చూపించండి. చెట్టును ముట్టుకోవాలని, ఊడలు పట్టుకుని ఊగాలని పట్టుబడితే మాత్రం ఒప్పుకోకండి. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అని ఇంకో ఊరుంది, అక్కడివి కాకతీయుల నాటి గుళ్లు. మా ఆడబిడ్డ వాళ్లు ఫోన్‌లో పేరు కొట్టి, చెట్టు కోసం సూర్యాపేటకు చేరారు. గుళ్లు చూసి సంతోషపడ్డారు కానీ, చెట్టు కోసం ఏడ్చే పిల్లాడిని సముదాయించలేకపోయారు. మీరు జిల్లా పేరు కూడా కలిపి వెతకండి.

ఆగస్టు, సెప్టెంబర్‌లో వచ్చే పని అయితే నల్లగొండ వైపే రండి. ఎగువన వానలు బాగా పడి నాగార్జునసాగర్ నిండితే, గేట్లు ఎత్తే రోజులు అవి. మొత్తం 26 గేట్లు, పూర్తి మట్టం 590 అడుగులు. గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిన మొదటి ఆదివారం మాత్రం కుటుంబంతో పోకండి. కార్లు కదలవు, తిండి దగ్గర తొక్కిసలాట, తాజా చేప అయిపోయాక ఐసు చేప బయటికి వస్తుంది. మంగళవారమో బుధవారమో పోండి. జలాశయం మధ్య దీవి మీద ఉన్న నాగార్జునకొండ మ్యూజియంకు శుక్రవారం సెలవు, అది కూడా చూసుకోండి. లాంచీ ఎక్కేటప్పుడు మేం ఎప్పుడూ పులిహోర, పెరుగన్నం కట్టుకునే పోతాం. దీవి మీద తిండి దొరుకుతుందని నమ్ముకుని పిల్లలను తీసుకెళ్లవద్దు. తిరిగి వచ్చాక 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కును చల్లని పూట చూడండి. 274 ఎకరాలు, నీడ తక్కువ, అందుకే సాయంత్రం నాలుగు తర్వాత.

దారిలో నల్లగొండ టౌన్‌కు ఆనుకునే ఉన్న పానగల్లులో ఆగండి. ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద పగలంతా స్తంభంలాంటి నీడ పడుతూనే ఉంటుంది. ఆ నీడ ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోమని పిల్లలకు పందెం పెడితే గంట గడిచిపోతుంది. పక్కనే ఉదయసముద్రం చెరువు గట్టు.

నల్లగొండ నుంచి ఇంటికి తెచ్చుకోవాల్సినవి రెండే. ఒకటి బత్తాయి. ఇక్కడ పండేది సాత్గుడి రకం. పసుపు రంగు చూసి మోసపోకండి, ఆకుపచ్చ కాయలోనూ తియ్యని రసం ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువుండాలి, తోలు పలుచగా, నున్నగా ఉండాలి. గరుకుగా, తేలిగ్గా ఉన్న కాయలో దూదే ఉంటుంది. రెండోది బియ్యం. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. మా అత్తమ్మ ఎప్పుడూ “కొత్త బియ్యం కొనకు బిడ్డా, అన్నం ముద్దయితది” అంటది. కనీసం ఆరు నెలలు నిలవ ఉన్న పాత బియ్యం అని గట్టిగా అడగండి. ఒక గింజ పంటి కింద వేసుకుంటే టక్కున విరగాలి, పిండిలాగా నలగకూడదు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే తెలంగాణ సోనా అడగండి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన రకం అది, సన్న గింజ. షుగర్‌ను మామూలు బియ్యమంత త్వరగా పెంచదని దానికి పేరు. అట్లా అని రెండో వడ్డన పెట్టుకోకండి.

ఏప్రిల్, మే నెలల్లో ఎండకు ఓర్చుకుని వస్తానంటే పాలమూరు వైపే ఉన్న కొల్లాపూర్ పోండి. అక్కడి మామిడికి పెద్ద పేరు. బంగినపల్లినే మేం బేనిషాన్ అంటాం. తోట దగ్గర కాయ కొని ఇంట్లో గడ్డిలో మాగబెట్టుకోండి. అక్కడి నుంచి 10 కిలోమీటర్ల దూరంలో సోమశిల, కృష్ణ ఒడ్డు, సాయంత్రం గాలి. ఆ రోజుల్లోనే రోడ్ల పక్కన తాటిముంజలు, మార్కెట్లో చింతచిగురు. చింతచిగురు వేసి వండిన మాంసం కూర నా లెక్కలో ఈ ప్రాంతపు మొదటి కూర, కానీ హోటల్‌లో సరిగా దొరకదు. చిగురు కొనుక్కుపోయి ఇంట్లోనే వండుకోండి. మాంసం పూర్తిగా ఉడికాకే చిగురు చేత్తో నలిపి వేయాలి.

మీరు ఏ నెలలో వస్తున్నారో రాయండి, దాన్ని బట్టి రోజు రోజుకూ దారి చెబుతాను. సీతాఫలాల కాలమే అయితే వెనుక డిక్కీలో రెండు ఖాళీ గంపలు, కాస్త ఎండుగడ్డి వేసుకుని బయల్దేరండి. ప్లాస్టిక్ సంచిలో పోసుకుంటే బాలానగర్ నుంచి హైదరాబాద్ చేరేలోపే కింది పండ్లు నలిగిపోతాయి.