మావాడి ఆర్‌సీ ప్లేన్ తగిలి ఒకాయన చెయ్యి విరిగింది, కేసు అవుతుందా?

ప్రశ్న: సార్, మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, ఇరవై ఏళ్ళు. ఫోమ్ షీట్లతో సొంతంగా ఒక రిమోట్ ప్లేన్ చేసుకున్నాడు, బరువు 1.4 కిలోలు. పోయిన ఆదివారం మా ఊరి ఎండిన చెరువులో ఎగరేసినాడు. ముందురోజు రాత్రి రెక్కలో సర్వో అనే చిన్న మోటార్ మార్చినాడంట, లేచీ లేవగానే కుడికి తిప్పితే ఎడమకి పడిపోయి కట్ట మీద మోపెడ్‌లో వస్తున్న రైతుకి తగిలింది. ఆయన కింద పడి మణికట్టు ఎముక విరిగింది. మేమే హాస్పిటల్లో చేర్చినాం. ఇప్పుడు లక్షన్నర ఇస్తారా, స్టేషన్‌కి పోమంటారా అంటున్నారు. మావాడికి లైసెన్స్ లేదు, ప్లేన్‌కి రిజిస్ట్రేషన్ లేదు. సిగ్నల్ పోయిందని చెప్పేయండి అని తెలిసినాయన సలహా ఇస్తున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అన్నా, ముందు ఆ సిగ్నల్ పోయిందనే మాట మాత్రం ఎవరి దగ్గరా అనొద్దు, మీవాడిని కూడా అననీయొద్దు. అది అబద్ధం అన్నది ఒకటి, నిలబడని అబద్ధం అన్నది ఇంకొకటి. కుడికి తిప్పితే ఎడమకి వంగింది అంటే సిగ్నల్ చక్కగా అందుతోందనే అర్థం, ఐలరాన్, అంటే రెక్క వెనక అంచున కదిలే పలక, ఒక్కటే రివర్స్‌లో కదిలింది. సర్వో మార్చినప్పుడు ఆర్మ్ ఇంకో వైపుకి బిగిస్తే ఇట్ల అవుతుంది, ట్రాన్స్‌మిటర్‌లో, అంటే చేతిలోని రిమోట్‌లో, ఆ చానల్‌ని రివర్స్ చేసుకోవాలి, మీవాడు చేసుకోలేదు. ఆ సెట్టింగ్ ట్రాన్స్‌మిటర్ మెమరీలో అట్లే ఉంటుంది, తెలిసినోడు ఎవరైనా ఒక్క నిమిషంలో చూసి చెప్పేస్తాడు. అందుకని విరిగిన ప్లేన్‌ని బాగు చేయొద్దు, ట్రాన్స్‌మిటర్‌ని రీసెట్ చేయొద్దు, బ్యాటరీ తీసి అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి ఉంచండి. సాక్ష్యం మాయం చేసినారనే మాట దీనికి తోడైతే చిన్న కేసు కూడా పెద్దదైపోతుంది.

ఇప్పుడు కేసు సంగతి. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయం కింద లెక్కేస్తుంది, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 116లో ఫ్రాక్చర్ అని స్పష్టంగా ఉంది. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేస్తే సెక్షన్ 125(బి), మూడేళ్ళ దాకా జైలు గానీ పదివేల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. వినడానికి భయంగానే ఉంటుంది కానీ ఇది బెయిలబుల్, పిల్లోడిని రాత్రికి రాత్రి తీసుకుపోయి లోపలేస్తారని ఇంట్లో ఆడవాళ్ళు ఏడవాల్సిన పని లేదు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉండే కేసుల్లో మామూలుగా బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 35 కింద నోటీసు ఇచ్చి పిలుస్తారు, పిలిచిన రోజు తప్పకుండా పోవాలి, పక్కన లాయర్ ఉంటే మంచిది.

మీవాడి వయసు ఇరవై కాబట్టి కేసు అయితే అతని మీదే, తండ్రిగా మీ మీద క్రిమినల్ కేసు ఉండదు.

అసలు ప్రశ్న నిర్లక్ష్యం ఉందా లేదా అనేది, ఇక్కడే మనసు విప్పి చెప్తాను. ప్లేన్ కూలింది కాబట్టి నిర్లక్ష్యం అని కోర్టు అనదు. గాల్లోకి పంపే ముందు, బుద్ధి ఉన్న మనిషి ఎవరైనా చేసే చెకింగ్ నువ్వు చేసినావా అని అడుగుతుంది. ఎగరేసే ముందు ప్లేన్ వెనకాల నిలబడి స్టిక్ కుడికి నెట్టి చూడాలి, కుడి రెక్క ఐలరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. స్టిక్ మనవైపు లాగితే తోక మీద ఎలివేటర్ అనే పలక పైకి లేవాలి. అంతే, దానికి పది సెకన్లు కూడా పట్టదు. సర్వో మార్చిన మర్నాడు ఆ పది సెకన్లు పెట్టలేదంటే అవతలి లాయర్ అక్కడే పట్టుకుంటాడు, నేను ఆ పక్క ఉన్నా అక్కడే పట్టుకుంటాను. చెక్ చేసినా కూడా గాల్లో పోయినాక సర్వోలో గేర్ పళ్ళు విరిగిపోయింటే కథ వేరు, అది ఎవరికీ ముందు తెలీదు. రెండింటికీ చట్టంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

ఇంకొకటి, కట్ట మీద మనుషులు తిరుగుతారని తెలిసీ కట్ట వైపుకే టేకాఫ్ చేసినాడా అని కూడా అడుగుతారు. గాలి ఎదురుగా ఉండాలని కొందరు అటు తిప్పుతారు, నిజమే, కానీ గాలి అటు ఉంటే ఆ రోజు చెరువులో ఇంకా లోపలికి పోవాల్సింది, లేదా మోపెడ్ దాటిపోయేదాకా ఆగాల్సింది. కట్ట మీద ఒక ఫ్రెండ్‌ని నిలబెట్టి ఉంటే ఈ లెటర్ మీరు రాసేవాళ్ళే కాదు.

లైసెన్స్ గురించి అనవసరంగా భయపడుతున్నారు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ఆర్‌సీ ప్లేన్లకి కూడా వర్తిస్తాయి. సరదాకి, చదువుకి, కంటికి కనపడే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపువి మోడల్ కింద వస్తాయి, వాటికి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కి ఇచ్చే ఆమోదం) అక్కర్లేదు. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉంటే మైక్రో, డబ్బుల కోసం కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. కానీ రిజిస్ట్రేషన్ నంబర్ కావాలి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కావాలి, ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు 250 గ్రాముల లోపు నానోకి మాత్రమే. ఈ రూల్స్ తప్పితే లక్ష దాకా జరిమానా వేయొచ్చు. అయితే రిజిస్ట్రేషన్ లేకపోవడం వల్ల ఆయన చెయ్యి విరగలేదు కదా, నిర్లక్ష్యం కేసులో అది నేరుగా రుజువు కాదు, వేరే తప్పు. ఇన్సూరెన్స్ లేకపోవడమే మీకు అసలు దెబ్బ, ఉండింటే ఈ డబ్బు గొడవలో కంపెనీ ముందుకు వచ్చేది. ఇంకా, ప్రమాదం జరిగిన 48 గంటల్లోపు డిజిటల్ స్కైలో, అంటే డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్‌లో, రిపోర్ట్ చేయాలని రూల్ ఉంది. ఆదివారం అయిపోయింది కాబట్టి గడువు దాటింది, అయినా ఆలస్యానికి కారణం రాసి ఇప్పుడైనా పెట్టండి, దాచిపెట్టినారనే మాట రాకూడదు.

లక్షన్నర సంగతి. నా అభిప్రాయం ఒకటే, రాజీ పడండి, పంతానికి పోవద్దు. ఆయన రైతు, చేతి కట్టు విప్పేదాకా పాలు పితకలేడు, మడి పని చేయలేడు, కూలోళ్ళని పెట్టుకోవాలి. ఆ నష్టం నిజమైన నష్టం. హాస్పిటల్ బిల్లులు, మందులు, పని పోయిన రోజుల కూలి, మోపెడ్ రిపేరు, బాధకి కొంత, ఇవన్నీ కూర్చుని లెక్కేయండి, లక్షన్నర కంటే తక్కువ రావచ్చు, ఎక్కువ కూడా రావచ్చు, బిల్లులు చూడకుండా బేరం ఆడొద్దు. ఊర్లో పెద్దమనుషుల ముందు చేతికి డబ్బులిచ్చి వచ్చేయడం మాత్రం వద్దు, రేపు ఇంకో నాలుగు నెలలకి మళ్ళీ మొదలైతే మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు. తిరుపతి కోర్టులో లీగల్ సర్వీసెస్ వాళ్ళ దగ్గరికి ఇద్దరూ పోయి కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోండి, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ ఇచ్చే అవార్డు సివిల్ డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ లేదు. ఒకవేళ ఈలోపే ఎఫ్ఐఆర్ అయిపోయినా సెక్షన్ 125(బి) కోర్టు అనుమతితో రాజీ చేసుకోగలిగిన కేసే. ఇప్పటిదాకా కట్టిన హాస్పిటల్ బిల్లుల రసీదులన్నీ దాచిపెట్టండి, అవి లెక్కలో మీకు జమ అవుతాయి.

ఎగరేయడం మాన్పించమని నేను చెప్పను, చేతులతో ప్లేన్ చేసి గాల్లో నిలబెట్టే పిల్లలు మన పల్లెల్లో ఉండటం నాకు సంతోషంగా ఉంది. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ రెండూ చేతికి వచ్చినాకే. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ చూడటం తప్పనిసరి, మనం ఉన్నచోటు గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల దాకా పర్మిషన్ అడగక్కర్లేదు. రేణిగుంట ఎయిర్‌పోర్ట్ హద్దు నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే, అంతకంటే దగ్గరైతే అనుమతి లేకుండా పైకి లేపనే కూడదు. తిరుమల కొండ వైపు ఎట్టి పరిస్థితిలోనూ పంపొద్దు, అక్కడ డ్రోన్లకి నిషేధం ఉంది. పోలీసులు ఏదైనా బందోబస్తు కోసం 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ పెట్టొచ్చు, నిన్న గ్రీన్ ఉన్నది ఈరోజు రెడ్ కావచ్చు, అందుకే ప్రతిసారీ చూడాలి.

చెకింగ్ మొత్తం ఫోన్‌లో వీడియో తీయడం అలవాటు చేయండి. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత ప్లేన్ బ్యాటరీ. ట్రాన్స్‌మిటర్ స్క్రీన్ మీద ఉన్నది ఈ ప్లేన్ పేరేనా, బ్యాటరీ ఫుల్లా, ప్రొపెల్లర్ మీద పగులు ఉందా, బ్యాలెన్స్ సరిగ్గా ఉందా, తర్వాత స్టిక్ కదిపి ఒక్కో ఐలరాన్, ఎలివేటర్ ఎటు పోతున్నాయో కెమెరాకి కనపడాలి. ప్రొపెల్లర్ తీసి ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేస్తే మోటార్ ఆగిపోతోందా అన్నది కూడా. రిపేర్ చేసిన ప్రతిసారీ ఇదంతా మొదటి నుంచి మళ్ళీ చేయాల్సిందే. ఒరిజినల్ వీడియో అదే ఫోన్‌లో ఉంచాలి, కోర్టులో వాడాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. జరిగిపోయిన ఆదివారానికి మాత్రం ఇప్పుడు వీడియో తీసి అప్పటిదని చూపించొద్దు.

ఆయన డిశ్చార్జ్ సమ్మరీ కాపీ, ఎక్స్‌రే రిపోర్ట్ అడిగి తీసుకోండి, ఎఫ్ఐఆర్ అయితే దాని కాపీ కూడా. సెక్షన్లు చూసినాక మళ్ళీ రాయండి.