అందరికీ చెప్పే మాట మా అమ్మాయికి చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. మా బాబుకు ఆరేళ్ళ వయసులో డుషేన్ కండరాల క్షీణత, అంటే డిఎండి ఉందని తేలింది. పద్నాలుగు నెలల క్రితం, పందొమ్మిదో ఏట మమ్మల్ని వదిలి వెళ్ళిపోయాడు. జబ్బు గురించి చెప్పే దిక్కు లేక మేం పడిన తిప్పలు మరొకరు పడకూడదని, వాడు చిన్నగా ఉన్నప్పుడే మరికొందరు తల్లిదండ్రులతో కలిసి సంఘం పెట్టాం. అప్పటి నుంచి అధ్యక్షురాలిని నేనే. సంఘం ఫోను నంబరు కూడా నాదే. ఇప్పుడు మావారు అన్నీ వదిలెయ్యమంటున్నారు. "బాబే లేనప్పుడు ఇంకా ఎవరి కోసం? అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఫ్లెక్సీల మీద నీ ఫోటో చూస్తే ఎవరు ముందుకొస్తారు?" అంటారు. ఈ జబ్బు మా పుట్టింటి నుంచే వచ్చిందని అత్తమ్మ మొదటి నుంచీ దెప్పుతూనే ఉంది. నాకు పరీక్ష చేసినప్పుడు క్యారియర్ అనే వచ్చింది, అంటే లోపమున్న జన్యువు నాలో ఉంది, నా నుంచి పిల్లలకు రావచ్చు. ఇవి చాలవన్నట్టు మా సంఘం కార్యదర్శి, ఆయనా ఒక బాబు తండ్రే, "మేడం, మీ బాబు సంగతి తెలిసి కొత్తవాళ్ళు కుంగిపోతున్నారు. కొన్నాళ్ళు ఫోన్లు నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. నేను సంఘానికి కూడా అక్కర్లేని మనిషినయ్యానా? పదవి వదిలెయ్యాలా? మా అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. ఎమ్మెస్సీ చదివింది. సంఘం కరపత్రాలన్నీ కంప్యూటర్‌లో తనే తయారుచేస్తుంది. తనకు పరీక్ష సంగతి ఇంకా చెప్పలేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, పదవి గురించి, మీవారి గురించి, కార్యదర్శి అన్న మాట గురించి మీరు వివరంగా రాశారు. అమ్మాయి గురించి చివర్లో నాలుగు ముక్కలు రాసి ఆపేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ సంఘానికి వచ్చే ఫోన్లలో మీరు ఏం చెబుతారో నేను ఊహించగలను. పరకాల వైపు పల్లె నుంచి ఒక తల్లి చేస్తుంది. బాబు ఊరికే పడిపోతున్నాడని, మెట్లు ఎక్కలేకపోతున్నాడని, కింద కూర్చుంటే మోకాళ్ళ మీద చేతులు ఊనుకుని లేస్తున్నాడని, పిక్కలు మాత్రం లావుగా బలంగా ఉన్నాయని చెబుతుంది. మీరు ఆమెను బెదరగొట్టరు, అబద్ధమూ చెప్పరు. ముందు సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) పరీక్ష, తర్వాత జన్యు పరీక్ష అంటారు. స్టెరాయిడ్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కండరాల క్షీణత కూడా ఉందని, వైకల్య ధ్రువపత్రం కోసం ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామన్న ప్రకటన నమ్మి ఎకరం అమ్మడానికి సిద్ధపడిన తండ్రి ఫోన్ చేస్తే, కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మిగతా జబ్బులకు ఆ చికిత్స పరిశోధనల్లో భాగంగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పిందని వివరించి ఆ ఎకరం నిలబెడతారు. ఇవన్నీ అయ్యాక, అవతలి తల్లి కాస్త తేరుకున్నాక, "మీకు ఆడపిల్లలున్నారా?" అని అడిగి వాళ్ళ పరీక్ష సంగతి కూడా చెబుతారు.

ఆ చివరి మాట మీ ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తలేదు.

ఇలాంటి సంఘాల కరపత్రాల్లో "తల్లులు, అక్కచెల్లెళ్ళు క్యారియర్ పరీక్ష గురించి డాక్టరును అడగాలి" అనే వాక్యం ఒకటి ఉంటుంది. మీ కరపత్రంలోనూ ఉండే ఉంటుంది. దాన్ని టైపు చేసింది మీ అమ్మాయి. అచ్చుతప్పులు దిద్దింది, ఆ వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలో చిన్న అక్షరాల్లో ఉండాలో నిర్ణయించింది కూడా తనే. ఆ అక్కచెల్లెళ్ళలో తనూ ఒకతె అని ఎమ్మెస్సీ చదివిన పిల్లకు తెలియదనుకుంటున్నారా? జబ్బు కోడలి వైపు నుంచి వచ్చిందన్న నాయనమ్మ మాట వింటూ పెరిగింది కదా! తనకు తెలుసు అని నా గట్టి నమ్మకం. మీరు బాధపడతారని తను అడగడం లేదు. తను బెదిరిపోతుందని మీరు చెప్పడం లేదు. ఇద్దరూ ఒకే భయాన్ని ఎవరి గదిలో వాళ్ళు మోస్తున్నారు. ఊరూవాడా తల్లులకు ధైర్యం చెప్పే మనిషి తన దగ్గరకు ఎప్పుడు వస్తుందా అని ఆ పిల్ల ఎదురుచూస్తూ ఉండవచ్చు.

కాబట్టి ముందు అమ్మాయితో మాట్లాడండి. మీవారిని ఒప్పించాక మాట్లాడదామని వాయిదా వెయ్యకండి. ఇది మొదట తన సంగతి, ఆ తర్వాతే పెళ్ళి సంగతి.

ఏం చెప్పాలో మీకు నేను నేర్పనవసరం లేదు. అయినా మీ నోటి నుంచి కన్నబిడ్డకు చెప్పేటప్పుడు మాట తడబడుతుంది కనుక రాస్తున్నాను. మీరు క్యారియర్ కనుక అమ్మాయి కూడా క్యారియర్ అయ్యే అవకాశం సగం, కాకపోయే అవకాశం సగం. కాకపోతే ఆ భయం అక్కడితో తీరిపోతుంది. క్యారియర్ అయితే మాత్రం, తనకు పుట్టే ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి ఆడబిడ్డా క్యారియర్ అయ్యే అవకాశం సగం. సీపీకే మామూలుగా ఉందని ఊరుకోవడానికి లేదు. క్యారియర్లలో కొంతమందికి అది మామూలుగానే ఉంటుంది. జన్యు పరీక్ష ఒక్కటే తేల్చి చెబుతుంది.

ఇక్కడే బాబు ఫైలు అవసరమవుతుంది. ఆ రిపోర్టులో డిస్ట్రోఫిన్ జన్యువులోని ఏ ఎక్సాన్ల (జన్యువులోని భాగాల) దగ్గర లోపముందో రాసి ఉంటుంది. అది చేతిలో ఉంటే అమ్మాయి రక్తంలో సరిగ్గా ఆ చోటే చూస్తారు. లేకపోతే మొత్తం వెతకాలి. బీరువాలో ఎక్కడున్నా బయటికి తీయండి. ఆ ఫైలు తెరవడం మీకు ఎంత కష్టమో తెలుసు, అందుకే ఒంటరిగా తెరవకండి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తెరవండి. కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళడం మీకు కొత్త కాదు. అక్కడి నిమ్స్ ఆస్పత్రిలోని మెడికల్ జెనెటిక్స్ విభాగంలో ముందు కౌన్సెలింగ్, తర్వాత పరీక్ష జరుగుతాయి. వెళ్ళాలా వద్దా, ఇప్పుడా తర్వాతా అన్నది మాత్రం అమ్మాయి ఇష్టం. "నాకు ఇప్పుడే తెలుసుకోవాలని లేదు" అంటే ఆ మాటను గౌరవించండి. కానీ పెళ్ళి మాటలు ఖాయమయ్యేలోపు తేల్చుకుంటే తనకే మంచిదని, ఎందుకో కూడా చెప్పండి.

ఆ ఎందుకో మీవారు కూడా వినాలి. "ముందు పెళ్ళి కానివ్వండి, తర్వాత చూద్దాం" అన్నది చాలా ఇళ్ళలో తండ్రులు అనే మాటే. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాచి పెళ్ళి చేస్తే ఏం జరుగుతుందో ఒకసారి లెక్క వేసి చూడమనండి. క్యారియర్ అయిన అమ్మాయికి గర్భం వస్తే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయవచ్చు, లేదా 15వ వారం దాటాక ఉమ్మనీరు పరీక్ష చేయవచ్చు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టమే, ఇలాంటి జన్యు జబ్బుల కోసం గుర్తింపు పొందిన కేంద్రాల్లో గర్భస్థ పరీక్షకు అనుమతి ఇస్తుంది. అంటే మీ అమ్మాయికి దారులున్నాయి. ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించే పద్ధతి కూడా ఉంది. అయితే భర్తకు తెలియకుండా వీటిలో ఏ దారిలోనైనా నడవడం తనకు కష్టం. దాచిపెట్టి పంపితే, కొత్త కాపురంలో, కొద్ది వారాల గడువులో, అంత పెద్ద సంగతి బయటపెట్టి అంత పెద్ద నిర్ణయం తీసుకోవాల్సిన స్థితిలోకి మనమే తనను నెట్టినవాళ్ళమవుతాం.

క్యారియర్ అని తేలితే అబ్బాయికి చెప్పాలన్నదే నా అభిప్రాయం. నలుగురిలో కాదు, పెళ్ళిళ్ళ పేరయ్య ద్వారా అంతకన్నా కాదు. మాటలు కాస్త ముందుకు సాగాక, అమ్మాయే అబ్బాయితో నేరుగా చెప్పాలి. కొన్ని సంబంధాలు తప్పిపోతాయి, నిజమే. ఈ మాట విని వెనక్కి తగ్గే ఇంటికి మీ పిల్ల వెళ్ళకపోవడమే మేలు.

సంఘంలోంచి మీ ఫోటో తీసేస్తే ఈ సంగతి దాగదు. బాబు చక్రాల కుర్చీలో బడికి వెళ్ళడం హనుమకొండలో మీ వీధంతా చూసింది. మీవారికీ ఈ సంగతి తెలుసు. "బాబే లేనప్పుడు" అని మొదలయ్యే మాటలో నాకు కోపం కన్నా దుఃఖమే ఎక్కువ వినిపించింది. ఎదిగిన కొడుకును రోజూ చేతుల మీద ఎత్తి మంచం మీదికి, కుర్చీలోకి మార్చిన తండ్రి ఆయన. మీకు సంఘం ఉంది, రాత్రి పదింటికి మోగే ఫోను ఉంది. ఆయనకు ఏముంది? ఆ ఫోను మోగినప్పుడల్లా బాబు లేడన్న సంగతి ఆయనకు మళ్ళీ కొత్తగా తెలుస్తోందేమో. సంబంధాల గొడవ పక్కనపెట్టి, ఒక రోజు ఆయన్ని బాబు గురించే మాట్లాడనివ్వండి. అత్తమ్మ మాటకు జవాబు చెప్పే బాధ్యత కూడా ఆయనదే. మూడింట ఒక వంతు పిల్లల్లో ఈ లోపం తల్లి నుంచి కాక కొత్తగానే పుడుతుంది. మీ విషయంలో మీ నుంచి వచ్చింది. జన్యువును మీరు ఎంచుకోలేదు, అది ఎవరి తప్పూ కాదు. ఆ మాట కొడుకు నోటి నుంచి వస్తే ఆమె ఆగుతుంది.

ఇక కార్యదర్శి. ఆయన బాబు వయసెంతో మీరు రాయలేదు. ఇంకా నడిచే వయసులో ఉన్న పిల్లవాడైతే, మిమ్మల్ని చూసినప్పుడల్లా ఆయనకు తన ఇంటి రేపటి రోజు కనిపిస్తుంది. కొత్త తల్లిదండ్రుల పేరు చెప్పి తన భయమే బయటపెట్టి ఉండవచ్చు. మాట మొరటుగా ఉంది, మీకు నొప్పి కలగడం సహజం. అయినా అందులో కొంత నిజముంది. నిన్ననే రిపోర్టు చేతికి వచ్చిన తల్లికి మొదటి గొంతు మీది కానక్కర్లేదు. ఆమె కోసమే కాదు, మీ కోసం కూడా. ఇన్నేళ్ళుగా ప్రతి మొదటి ఏడుపునూ మీరొక్కరే విన్నారు. బిడ్డను పోగొట్టుకున్నాక కూడా ఆ పని మీ మీదే వదిలేసినందుకు సంఘమంతా ఆలోచించుకోవాలి.

కాబట్టి సంఘానికి వేరే సిమ్ కార్డు తీసుకోండి. నలుగురైదుగురు వంతులవారీగా ఫోను చూడాలి, రాత్రి తొమ్మిది తర్వాత ఎవరూ ఎత్తకూడదు. అర్ధరాత్రి మనసు చెదిరి చేసేవాళ్ళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఎప్పుడూ అందుబాటులో ఉంటుందని సందేశం పెట్టండి. మీ కార్యకర్తలు కూడా ఆ నంబరుకు చేయవచ్చు, చేయాలి.

మీ దగ్గర ఉంచుకోవాల్సిన పని వేరే ఉంది. పదిహేనేళ్ళు దాటిన పిల్లల ఇళ్ళు. శ్వాస బలహీనపడినప్పుడు రాత్రిళ్ళు మాస్కు ద్వారా గాలి అందించే బైపాప్ యంత్రం ఎలా అమర్చాలో, మాస్కు ముక్కు మీద ఒరుసుకుని పుండు పడకుండా ఏం చెయ్యాలో, కరెంటు పోతే ఏర్పాటేమిటో, దగ్గడానికి కూడా బలం లేని పిల్లవాడిని ఎలా కూర్చోబెట్టాలో చిన్నపిల్లల తల్లిదండ్రులు చెప్పలేరు. గుండె మందులు ఎందుకు మొదలుపెడతారో మీకు తెలుసు. బిడ్డను పోగొట్టుకుని సంఘానికి మొహం చాటేసిన ఇళ్ళు కూడా రెండో మూడో ఉండే ఉంటాయి. వాళ్ళ తలుపు తట్టగలిగింది మీరే. వారంలో ఒక సాయంత్రం దీనికి కేటాయించండి, మీ చేత అయినంతే.

అధ్యక్ష పదవి విషయానికొస్తే, వదలండి, కానీ ఈ వారం వద్దు. మనసు నొచ్చుకున్న రోజున వాట్సాప్ గ్రూపులో రాజీనామా పెట్టడం మీ ఇన్నేళ్ళ పనికి తగదు. రాబోయే సర్వసభ్య సమావేశం వరకు కొనసాగి, అక్కడ నలుగురి ముందు అప్పగించండి. రిజిస్టరైన సంఘమైతే కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు వెళ్ళాలి, బ్యాంకు సంతకాలు మారాలి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద సాయం కోసం నిమ్స్‌కు పంపిన పిల్లల కాగితాలు ఎవరివి ఎంతవరకు వచ్చాయో కూడా రాసి ఇవ్వాలి. మీ తలలో మాత్రమే ఉన్న పేర్లు, నంబర్లు, ఏ కార్యాలయంలో ఎవరిని అడగాలో, అన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి. అమ్మాయి సాయం చేస్తుంది. కరపత్రాల పని మాత్రం ఇకమీదట తను ఇష్టపడితేనే ఇవ్వండి.

ఒక్క సంగతి మీరు రాయలేదు, నేను అడుగుతున్నాను. మీ గుండె పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు? క్యారియర్ తల్లుల్లో కొందరికి ఏ లక్షణమూ లేకుండానే గుండె కండరం బలహీనపడుతుంది. అందుకే మూడు నుంచి ఐదేళ్ళకోసారి ఈసీజీ, ఎకో (గుండె స్కానింగు) చేయించుకోవాలంటారు. ఇదీ మీరు ఫోనులో ఎంతోమంది తల్లులకు చెప్పే ఉంటారు. మీకు చెల్లెళ్ళుంటే వాళ్ళూ జన్యు పరీక్ష గురించి ఆలోచించాలి. హైదరాబాదులో కౌన్సెలింగ్‌కు తేదీ దొరికేలోపే మీ ఎకో హనుమకొండలోనే చేయించుకోండి. ఆస్పత్రికి మీవారిని వెంట తీసుకువెళ్ళండి.