ముఖం జిడ్డు కారుతూనే మండుతుంటే అది ఏ రకం చర్మం?

మధ్యాహ్నానికల్లా నుదురు, ముక్కు జిడ్డు కారుతున్నాయనీ, బుగ్గలు మాత్రం పొట్టు రేగి ఫేస్‌వాష్ తగలగానే మండుతున్నాయనీ, మీది జిడ్డు చర్మమో పొడి చర్మమో తెలిస్తే దానికి తగినవి కొనుక్కుంటాననీ రాశారు. మెడికల్ షాపులో ఇచ్చిన తెల్లబడే క్రీము గురించి కూడా అడిగారు. దాని సంగతి చివర చెబుతాను. నా దృష్టిలో మీ చర్మం ఏ రకమో ఇప్పుడు తేల్చడం సాధ్యం కాదు. ఎందుకంటే మీకు అద్దంలో కనిపిస్తున్నది చర్మం అసలు స్వభావం కాకపోవచ్చు. ఇన్నాళ్లుగా దానిమీద రాస్తున్న వాటి ఫలితం కావచ్చు.

నేను విశాఖపట్నంలో పెరిగాను. ఆ ఉక్కపోతలో ఏడాది పొడవునా నా ముఖం జిడ్డుగానే ఉండేది. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాక, చలికాలంలో, రోజంతా ఏసీ గదిలో కూర్చునే సరికి బుగ్గలు బిగుసుకుపోయి పొట్టు లేచేవి, ముక్కు మీద జిడ్డు మాత్రం ఏమీ తగ్గలేదు. అప్పుడు నన్ను చూసిన చర్మవైద్యురాలు చెప్పిన విషయం నాకు ఇప్పటికీ ఉపయోగపడుతోంది. నూనె వేరు, నీరు వేరు. చర్మంలోని గ్రంథులు ఎంత నూనె ఊరిస్తాయన్నది వంశపారంపర్యం, హార్మోన్లు, వయసు మీద ఆధారపడి ఉంటుంది, జిడ్డు చర్మం, పొడి చర్మం అనేవి ప్రధానంగా దాన్ని బట్టి పెట్టిన పేర్లు. చర్మం లోపలి తేమ బయటికి పోకుండా ఆపేది మాత్రం పైపొరలో కణాల మధ్య ఉండే సెరమైడ్లు (ఒక రకం కొవ్వులు), కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. ఘాటైన ఫేస్‌వాష్‌లు, స్క్రబ్‌లు ఈ పొరను దెబ్బతీస్తే, గ్రంథులు నూనె ఊరిస్తూనే ఉన్నా తేమ నిలవదు. అందుకే ఒకే ముఖం జిడ్డుగానూ ఉంటుంది, మండుతూ పొట్టూ రేగుతుంది. ఇక సున్నితత్వం ఈ రెంటికీ భిన్నమైన మూడో సంగతి. జిడ్డు చర్మం వారికీ అది ఉండవచ్చు.

కాబట్టి ముందు ఒక నాలుగు వారాల పాటు స్క్రబ్, టోనర్, సీరం, ఫేస్‌ప్యాక్ అన్నీ పక్కన పెట్టండి. (వైద్యులు రాసిచ్చిన మందులకు ఇది వర్తించదు.) నాలుగు వారాలు అనడానికి కారణం ఉంది, యువతీయువకులలో చర్మం పైపొర పూర్తిగా మారడానికి సుమారు అంత కాలం పడుతుంది. ఆ రోజుల్లో ఉదయం చల్లని నీళ్లతో, రాత్రి సువాసన లేని మృదువైన క్లెన్సర్‌తో ముఖం కడుక్కుని, సాదా మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ మాత్రమే వాడండి. ఆ తరువాత ఒక సెలవు రోజున ముఖం కడిగి, మెత్తని తువ్వాలుతో అద్ది, ఏమీ రాయకుండా ఒక గంట ఏసీ లేని గదిలో ఉండండి. ముఖమంతా మెరుస్తూ, టిష్యూ కాగితం అద్దితే నుదుటి దగ్గరా బుగ్గల దగ్గరా నూనె మరక పడితే అది జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర మాత్రమే మరక పడితే మిశ్రమ చర్మం, మనలో చాలామందిది ఇదే. ఎక్కడా మరక పడకుండా నవ్వినప్పుడు చర్మం లాగినట్టుంటే పొడి చర్మం. మరకా లేకుండా, లాగుడూ లేకుండా ఉంటే మామూలు చర్మం, దానికి పెద్దగా చేయవలసిందేమీ లేదు. ఇదే పరీక్షను మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేస్తే వచ్చే ఫలితాలు ఒకేలా ఉండకపోవచ్చు. అందుకని ఏడాది మొత్తానికీ ఒకే మాయిశ్చరైజర్ సరిపోవాలని పట్టుబట్టనవసరం లేదు.

ఇక ఎంపిక విషయానికి వస్తే, నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది ముఖం కడిగే వస్తువు మీద, ఎందుకంటే నష్టం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. చర్మం పైభాగం పీహెచ్ సుమారు 5, అంటే కాస్త ఆమ్లగుణం. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది, అంటే క్షారగుణం. మనవాళ్లు అట్ట మీద టీఎఫ్ఎం 76 శాతం ఉందా అని చూసి సబ్బు కొంటారు. అది సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెప్పే కొలతే తప్ప, ముఖానికి పడుతుందన్న హామీ కాదు. కడిగిన తరువాత చర్మం కిర్రుమనేంత శుభ్రంగా అనిపిస్తే ఆ క్లెన్సర్ మీకు ఘాటు ఎక్కువైనట్టే. సున్నిపిండి అంటే నాకు ఇష్టం, పండుగనాడు ఒంటికి నూనె పట్టించి నలుగు పెట్టుకోవడానికి అంతకు మించింది లేదు, కానీ ఆ పలుకు మండుతున్న బుగ్గల మీద రుద్దడానికి పనికిరాదు. నిమ్మరసం అసలే వద్దు. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, పైగా రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టై నల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది.

జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ అక్కరలేదనుకోవడం సరికాదు. మీలాంటి ముఖానికి గ్లిజరిన్, హయలురోనిక్ ఆమ్లం, నియాసినమైడ్ ఉన్న పలుచని జెల్ లేదా లోషన్ చాలు. చలికాలంలో బుగ్గల వరకు సెరమైడ్లు ఉన్న క్రీము రాయవచ్చు, ముఖమంతటికీ ఒకటే రాయాలన్న నియమం లేదు. పూర్తిగా పొడి చర్మమైతే చిక్కని క్రీము, మరీ పగిలిన చోట పెట్రోలియం జెల్లీ. ఏదైనా ముఖం తడిగా ఉండగానే రాయాలి. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరినూనె వద్దు. తలకు రాసిన నూనె నుదుటి మీదికి జారినా అక్కడ చిన్న చిన్న మొటిమలు వస్తాయి.

సన్‌స్క్రీన్‌లో ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె) 30 ఉన్నవి చర్మాన్ని కమిలించే అతినీలలోహిత బీ కిరణాలను దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం ఆపుతాయి. కాబట్టి అంకె కంటే రాసే మోతాదు ముఖ్యం, ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా తీసుకోవాలి. మన చామనఛాయ చర్మంలో మొటిమ తగ్గినా మచ్చ నెలల తరబడి నిలుస్తుంది కనుక ఇది మానకూడదు. మంగు మచ్చలు ఉన్నవారు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ ఎంచుకుంటే మంచిది, ఎందుకంటే మంగును పెంచే కంటికి కనిపించే వెలుతురును కూడా అది కొంత అడ్డుకుంటుంది.

మంట పూర్తిగా తగ్గాకే మొటిమల మందుల గురించి ఆలోచించండి. శాలిసిలిక్ ఆమ్లం 2 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం, రాత్రిపూట రాసే అడాపలీన్ 0.1 శాతం, వీటిలో ఒకసారికి ఒక్కటే, వైద్యుల సలహాతో మొదలుపెట్టాలి. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు. కొత్తది ఏది తెచ్చినా మోచేతి మడత దగ్గర కొద్దిరోజులు రాసి చూడండి.

ఇప్పుడు ఆ క్రీము సంగతి. ట్యూబు వెనక మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి పేరు ఉందేమో ఈ రోజే చూడండి. ఇవి స్టిరాయిడ్లు. తొలి వారాల్లో ముఖం తేటబడి, నునుపుగా అవుతుంది, ఆ తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, ఎండ తగిలితే మండుతుంది. మానేస్తే మంట మరింత పెరుగుతుంది కనుక మళ్లీ అదే రాస్తారు. ముఖానికి స్టిరాయిడ్లు తోచినట్టు వాడడం మన దేశంలో ఎంత పెరిగిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే పలు స్టిరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని నిర్ణయించింది. మీ బుగ్గల మంటకు నేను మొదట అనుమానించేది దీన్నే. ఆ పేర్లలో ఏదైనా ఉండి, మీరు వారాల తరబడి రాస్తూ ఉంటే, పైన చెప్పిన నాలుగు వారాల పద్ధతిని ఇంకా మొదలుపెట్టకండి. ఆ ట్యూబు పట్టుకుని ఎండీ డీవీఎల్ వంటి చర్మవైద్య పట్టా ఉన్న వైద్యుల దగ్గరికి వెళ్లండి, దాన్ని ఒక్కసారిగా ఆపాలో, క్రమంగా తగ్గించాలో వారు మీ ముఖం చూసి చెబుతారు.