పాప గీసిన చెట్టుకు తొర్ర ఉంది, భయమేస్తోంది

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. మా పాపకు ఎనిమిదేళ్లు. ఫిబ్రవరిలో స్కూల్లో చెట్టు బొమ్మ గీయమంటే ఒక్క ఆకు లేని చెట్టు గీసి, మానులో నల్లటి తొర్ర పెట్టింది. మా అపార్ట్‌మెంట్‌లో బొమ్మల్ని బట్టి మనసు చెప్పే ఆన్‌లైన్ కోర్సు చేసిన ఒకావిడ ఆ బొమ్మను స్కేలుతో కొలిచి, 'ఆరేళ్ల వయసులో పాప మనసుకు దెబ్బ తగిలింది' అన్నారు. సరిగ్గా ఆ వయసులోనే నేను ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్లి, పాపను ఏడాది పాటు రాజమండ్రి దగ్గర మా అమ్మ వాళ్లింట్లో ఉంచాను. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. ఆవిడే మా నక్షత్ర వృక్షాలు కూడా చెప్పారు. నాది పునర్వసు, వెదురు కాబట్టి వంగుతూనే ఉంటానట. మా వారిది ధనిష్ఠ, జమ్మి కాబట్టి ముళ్లేనట. ఏడాది క్రితం మా మామగారు పోయాక ఆయన నిజంగానే మాట తగ్గించేశారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ స్కేలు సంగతి చూద్దాం. ఆవిడ వాడిన లెక్క నాకు తెలుసు. చెట్టు ఎత్తును పిల్ల వయసుతో భాగిస్తారు. బొమ్మ 16 సెంటీమీటర్లుంటే ఏడాదికి 2 సెంటీమీటర్లు. తొర్ర కింది నుంచి 12వ సెంటీమీటరు దగ్గరుంటే ఆరేళ్లు. వినడానికి శాస్త్రంలాగే ఉంటుంది. కానీ పాప రేపు అదే చెట్టును పొడుగ్గా గీసి, తొర్రను కిందికి దించితే దెబ్బ తగిలిన వయసు మారిపోవాలి. జరిగిపోయిన సంగతి పెన్సిల్‌తో పాటు జరుగుతుందా?

చెట్టు బొమ్మతో మనిషిని అంచనా వేసే పద్ధతిని స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ కోఖ్ 1949లో పుస్తకంగా తెచ్చారు. ఎవరికి ఏ వృత్తి నప్పుతుందో చెప్పే సలహా కేంద్రాల్లో పుట్టిన ఆలోచన అది. ఆకుల్లేకపోతే ఇది, తొర్ర ఉంటే అది అని ఒక్కో గుర్తుకూ ఒక్కో అర్థం కట్టడం నమ్మదగ్గది కాదని ఆ తర్వాత చాలామంది మనస్తత్వవేత్తలు తేల్చారు. అయినా ఫిబ్రవరిలో మన వీధుల్లో వేపచెట్టు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆకంతా రాల్చేసి, ఉగాదికి మళ్లీ ఎర్రటి చిగురూ పూతా వేస్తుంది. పాప కిటికీలోంచి చూసిందే గీసి ఉండొచ్చు. తొర్ర ఏమిటో నేనూ చెప్పలేను. పాప ఒక్కతే చెప్పగలదు, తనను మాత్రం ఎవరూ అడగలేదు.

నక్షత్ర వృక్షాలంటే నాకూ గౌరవమే. మఖకు మర్రి, పుష్యమికి రావి, రేవతికి ఇప్ప అని పెద్దలు చెప్పింది ఆ చెట్టు నాటమని, పూజించమని, కాపాడమని. కొన్ని నక్షత్రాలకు ఒక్కో జాబితాలో ఒక్కో చెట్టు కనిపిస్తుంది. వాటితో మొగుడి స్వభావం తూచడం మొదలుపెడితే ఇల్లు నిలవదు. జమ్మికి ముళ్లున్న మాట నిజమే. దసరా నాడు ఆ ఆకునే బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెనలు తీసుకుంటాం, అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటాం. మీ వారి మౌనానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది, నక్షత్రంలో వెతక్కండి.

మరి చెట్టు బొమ్మ వల్ల ఏ ఉపయోగమూ లేదా అంటే, చాలా ఉంది. ఆఫ్రికా దక్షిణ దేశాల్లో ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం జింబాబ్వేకు చెందిన న్‌కజేలో న్‌కూబే, ఆస్ట్రేలియాలోని డల్విచ్ సెంటర్‌కు చెందిన డేవిడ్ డెన్‌బరో కలిసి 'ట్రీ ఆఫ్ లైఫ్' అనే పద్ధతి తయారుచేశారు. పోయినవాళ్ల గురించి నేరుగా అడిగితే ఆ పిల్లలు మళ్లీ అదే బాధలో మునిగిపోయేవారు. అందుకే ముందు చెట్టు గీయిస్తారు. వేర్లు అంటే ఎక్కణ్నుంచి వచ్చాం, నేల అంటే ఇప్పుడు రోజూ ఏం చేస్తున్నాం, మాను అంటే ఏం చేతనవును, కొమ్మలు అంటే ఏం కావాలనుకుంటున్నాం, ఆకులు అంటే మనవాళ్లు, పండ్లు అంటే వాళ్లు మనకిచ్చినవి. అందరి చెట్లూ పక్కపక్కన పెట్టి అడవి చేశాకే గాలివాన మాట ఎత్తుతారు. ఈ వరస ముఖ్యం. కాళ్ల కింద నేల గట్టిగా ఉందని తెలిశాకే పిల్లలు కష్టం చెప్పుకోగలరు.

ఈ ఆదివారం టీవీ కట్టేసి, రెండు చార్టులు, క్రేయాన్లు తీసుకుని నేల మీద కూర్చోండి. ఒకటి పాపకు, ఒకటి మీకు. మీరు గీయకుండా పక్కన కూర్చుని ప్రశ్నలేస్తే అది పరీక్ష అయిపోతుంది. వేర్ల దగ్గర మీరే మొదలుపెట్టండి. 'నా వేరు మీద అమ్మమ్మ పేరు రాస్తున్నా, నీ వేరు మీద ఎవరు?' అనండి. పోయినవాళ్ల పేర్లూ ఆకుల మీద రాయొచ్చని చెప్పండి. రాజమండ్రి ఏడాది తన చెట్టు మీద వేరుగా వస్తుందో, రాలిన ఆకుగా వస్తుందో, అసలు రానే రాదో పాప ఇష్టం. మీరు చూసుకుంటున్న గాయం పాపకు అమ్మమ్మ చేతి ముద్దల ఏడాది కూడా కావచ్చు.

'నన్ను వదిలి వెళ్లావు కదా' అంటే మాత్రం ఉద్యోగం, ఈఎంఐ అంటూ సంజాయిషీ మొదలుపెట్టకండి. 'అవును నాన్నా, నువ్వు బెంగ పెట్టుకున్నట్టుంది, సారీ' అని ఊరుకోండి. తను చెప్పేదంతా చెప్పనివ్వండి.

బొమ్మ మాట పక్కనపెట్టి రోజూ పాపను గమనించండి. నిద్రలో ఉలిక్కిపడటం, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, స్కూలుకు వెళ్లనని ఏడవడం, తిండి తగ్గడం లాంటివి రెండు వారాలు దాటితే పిల్లల క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. చనిపోవాలనే మాట అంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మీ నిద్ర సంగతి కూడా వదిలేయకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులుండవు.

మూడో చార్టు కూడా కొనండి. మీ వారు మొదటి రోజు కూర్చోకపోవచ్చు, బలవంతం చేయకండి. పాప పిలిస్తే వస్తారేమో. పోయిన తాతగారి పేరు ఎక్కడ రాయాలో ఆయన్ని పాపే అడగనివ్వండి, మీరు పక్కన కూర్చోండి.