పది డాలర్ల లోపు రోజువారీ వైట్ వైన్: బాక్సు కొనొచ్చా?

మీరు అడిగినవి ఇవి: వారం మధ్యలో భోజనంతో పాటు ఒక గ్లాసు తాగడానికి సీసా పది డాలర్లు దాటని వైట్ వైన్ ఏది, అట్టపెట్టెలో వచ్చేదంతా నాసిరకమేనా, మన కారాలకీ పులుపులకీ ఏది నప్పుతుంది, హైదరాబాద్‌లో ఉన్న మీ అక్కకి ఏం చెప్పాలి. నేను డాలస్ శివార్లలో ఉంటాను. మా ఆయన విస్కీ తప్ప ఇంకోటి ముట్టరు. ఇంట్లో వైన్ తాగేది నేనొక్కదాన్నే. అలాంటి ఇంటికైతే బాక్సే మేలని నా అభిప్రాయం. కాకపోతే ఏ ద్రాక్షదైనా పర్లేదనుకోవద్దు, తేదీ చూడకుండా అసలు కొనొద్దు.

సీసా మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టినా వైట్ వైన్ మూడు నాలుగు రోజులకి చప్పబడిపోతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో ఐదు గ్లాసులొస్తాయి. రోజు విడిచి రోజు తాగేవాళ్లకి ఆఖరి రెండు గ్లాసులు సింకు పాలే. పారబోసింది కూడా లెక్కేస్తే పది డాలర్ల సీసా మనకి పదహారు పైనే పడ్డట్టు. ఇద్దరూ కలిసి తాగే ఇంట్లో ఈ బాధ లేదు, వాళ్లు హాయిగా సీసాలే కొనుక్కోవచ్చు.

బాక్సు లోపల ఉండేది పొరలు పొరలుగా చేసిన ప్లాస్టిక్ సంచి, దానికో చిన్న కుళాయి. వైన్ బయటికి వస్తున్నకొద్దీ సంచి ముడుచుకుంటుంది తప్ప ఖాళీ అయిన చోట గాలి చేరదు. వైన్‌ని పాడుచేసేది ముఖ్యంగా గాలే కాబట్టి ఫ్రిజ్‌లో ఉంచిన బాక్సు తెరిచాక కూడా నెలరోజులు బాగుంటుంది. ఆరు వారాల దాకా ఢోకా లేదని కొన్ని పెట్టెల మీద రాసుంటుంది కానీ, నా నాలుకకి నాలుగో వారం దాటాక సువాసన పల్చబడినట్టే తెలుస్తుంది.

ఈ ఏర్పాటు అమెరికావాళ్ల చవకబారు ఆలోచన అని చాలామంది అనుకుంటారు. నిజానికి 1965లో దక్షిణ ఆస్ట్రేలియాలోని రెన్‌మార్క్‌లో వైన్ చేసే థామస్ యాంగోవ్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో కుళాయి కూడా లేదు. సంచి మూల కత్తిరించి, పోసుకున్నాక క్లిప్పు పెట్టి బిగించాలి. స్వీడన్‌లో అయితే ఇప్పుడు అమ్ముడయ్యే వైన్‌లో సగానికి పైగా బాక్సులదే. అతిథుల ముందు అట్టపెట్టె పెట్టడానికి మొహమాటపడేది మనమే! మరీ అంత ఇబ్బందిగా ఉంటే జగ్గులోకి వంపి బల్ల మీద పెట్టండి, ఎవరూ అడగరు.

ఇక ధర. 3 లీటర్ల బాక్సు అంటే నాలుగు సీసాలు. బ్లాక్ బాక్స్, బోటా బాక్స్ అనే బ్రాండ్లు మా దగ్గర ఇరవై డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతాయి. అంటే సీసా ఐదు డాలర్లు. ఐదు లీటర్ల ఫ్రాంజియా బ్రాండు బాక్సు ఇంకా చవక కానీ నేను కొనను. వాళ్ల బాక్సుల్లో చాబ్లీ అనే పేరుతో ఒకటుంది. అసలు చాబ్లీ ఫ్రాన్స్‌లో బర్గండీకి ఉత్తరపు కొసన ఉన్న ఊరు, అక్కడి వైన్ పూర్తిగా చార్డొనే ద్రాక్షదే. ఇక్కడి పెట్టెలోది ఆ ఊరిదీ కాదు, ఆ వైనూ కాదు. అమెరికా చట్టం పాత లేబుళ్లకి ఇచ్చిన వెసులుబాటుతో ఆ పేరు అలా నడిచిపోతోంది. తియ్యగా, చల్లగా ఏదో ఒకటి కావాలంటే సరే, వైన్ రుచి కావాలంటే మాత్రం ద్రాక్ష పేరు స్పష్టంగా రాసినది తీసుకోండి. ఇక్కడి రూలు ప్రకారం లేబుల్ మీద ఒక ద్రాక్ష పేరుంటే లోపల కనీసం 75 శాతం అదే ఉండాలి. కాలిఫోర్నియా అని ఉంటే పళ్లన్నీ ఆ రాష్ట్రానివే అయ్యుండాలి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది తేదీ. ప్లాస్టిక్ ఎంత మంచిదైనా గాజంత గట్టిగా గాలిని ఆపలేదు, అందుకే తెరవని బాక్సుకి కూడా లోలోపల వయసు మీద పడుతూనే ఉంటుంది. నింపిన ఏడాదిలోపు తాగేయాలి. తేదీ పెట్టె అడుగునో పక్కనో చిన్న అక్షరాల్లో ముద్ర వేసి ఉంటుంది. సేల్‌లో ఏడెనిమిది డాలర్లు తగ్గించి గుట్టగా పేర్చారంటే ముందు ఒకటి తిరగేసి చూడండి. నేను పాల డబ్బాలకి చేసినట్టే చెయ్యి లోపలికి పెట్టి వెనక వరసలోది లాగుతాను.

బాక్సులో నేను మళ్లీ మళ్లీ కొనేవి సావిన్యోఁ బ్లాఁ, పినో గ్రిజో అనే ద్రాక్షలవి. రెండూ తాజాగా, చల్లగా తాగాల్సినవి, దాచిపెడితే బాగుపడేవి కావు. అందుకే సంచిలో ఉన్నా వీటికి పెద్దగా నష్టం లేదు. చార్డొనే మాత్రం బాక్సులో వద్దంటాను. ఈ ధరలో కాలిఫోర్నియా చార్డొనేలకి వెన్న వాసన, వెనిలా వాసన దట్టించి ఉంటాయి, ఆల్కహాల్ కూడా కాస్త ఎక్కువే. మన వంటల పక్కన అది అస్సలు కుదరదు.

ఎందుకో చెప్తాను, మీ ప్రశ్నలో నాకు ఇష్టమైన భాగం ఇదే. ఆల్కహాల్ కారాన్ని ఎగదోస్తుంది, కాస్త తీపి ఉంటే కారం తగ్గినట్టనిపిస్తుంది. పులుపు సంగతి వేరు. కూర కన్నా వైన్ పులుపు తక్కువైతే వైన్ నీళ్లలా ఉంటుంది. కాబట్టి మామిడికాయ పప్పు, గోంగూర, చింతపండు పులుసు తినేవాళ్లకి పుల్లటి వైనే కావాలి. బాగా కారం ఉంటే ఆ పులుపుకి కొంచెం తీపి తోడవ్వాలి. ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు వండితే మా తోడికోడలు వచ్చింది. తను వైన్ మనిషి కాదు. చార్డొనే ఒక గ్లాసు, రీస్లింగ్ అనే ద్రాక్షది ఒక గ్లాసు పోసి ముందు పెట్టాను. పులుసన్నం ముద్ద మింగి చార్డొనే ఒక గుటక వేసింది, మొహం చిట్లించి మంచినీళ్లు అడిగింది. రీస్లింగ్ గురించి ఏమీ అనలేదు, కానీ రెండోసారి అన్నం పెట్టించుకునేలోపు ఆ గ్లాసు ఖాళీ.

ఆ రీస్లింగ్ వాషింగ్టన్ రాష్ట్రంలోని షాతో సాఁ మిషెల్ అనే కంపెనీది. పది డాలర్ల లోపే దాదాపు ప్రతి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది. సీసా వెనక చిన్న గీత ఉంటుంది, ఒక చివర డ్రై (అంటే తీపి లేనిది), ఇంకో చివర స్వీట్ అని రాసి, మధ్యలో ఇది ఎక్కడుందో గుర్తు పెడతారు. కారం బాగా తినేవాళ్లు గుర్తు మధ్యలో ఉన్నది పట్టుకోండి. ఇది నేను సీసాలోనే కొంటాను, పులుసు వండే వారానికి మాత్రమే.

సీసాల్లో ఇంకొన్ని. పోర్చుగల్ ఉత్తరాదినుంచి వచ్చే విన్యు వెర్ద్: ఆల్కహాల్ సాధారణంగా 9 నుంచి 11 శాతం మధ్యే ఉంటుంది, నాలుక మీద కాస్త చురచురమంటుంది. మిరపకాయ బజ్జీలకి దీన్ని మించింది నాకు దొరకలేదు. ఫ్రాన్స్ దక్షిణాన సముద్రపు ఒడ్డున చేసే పిక్‌పూల్ ద పినే అనే వైన్, వంజరం వేపుడుకి. కొత్తిమీర పచ్చడి, అల్లం పెసరట్టు లాంటి వాటికి న్యూజిలాండ్‌లోని మాల్‌బరో ప్రాంతపు సావిన్యోఁ బ్లాఁ. దాని పచ్చిగడ్డి వాసన కొందరికి గిట్టదు, నాకు మాత్రం చాలా ఇష్టం. అందులో కాస్ట్‌కో స్టోర్ల సొంత బ్రాండు కిర్క్‌లాండ్ పేరుతో వచ్చేది ధరకి మించి బాగుంటుంది. షెనిన్ బ్లాఁ అనే ద్రాక్షతో చేసిన దక్షిణాఫ్రికా వైన్ కనపడితే వదలొద్దు. కోడిపుంజు, పెట్ట బొమ్మలున్న లా వియెయ్ ఫెర్మ్ వైట్ కూడా చూసే ఉంటారు. అది ఫ్రాన్స్‌లోని షాతోన్యుఫ్ ద్యు పాప్ అనే చోట బోకాస్తెల్ లాంటి ఖరీదైన వైన్ చేసే పెరాఁ కుటుంబానిదే. కొన్ని షాపుల్లో బాక్సులో కూడా ఉంటుంది. దొరికితే ముందు అదే తీసుకోండి.

బాక్సు వాడకంలో రెండు చిన్న విషయాలు. ఫ్రిజ్ తలుపులో ఇది పట్టదు, కింది అరలో కుళాయి అంచు దాటి బయటికి వచ్చేలా పెట్టండి, గ్లాసు కిందికి పట్టుకోవడానికి వీలుంటుంది. ధార సన్నబడిందంటే అయిపోయిందని కాదు. అట్టపెట్టె చింపి సంచి బయటికి తీసి, కుళాయి కిందికి వచ్చేలా పైనుంచి నొక్కుకుంటూ రండి, ఇంకో గ్లాసు వస్తుంది.

కుళాయితో ఒక ప్రమాదం ఉంది. సీసా అయితే ఎంత తగ్గిందో కంటికి కనిపిస్తుంది, పెట్టెలో కనిపించదు. ఇక్కడి లెక్కలో గ్లాసంటే 5 ఔన్సులు, అంటే దాదాపు 150 మిల్లీలీటర్లు. పెద్ద వైన్ గ్లాసులో అది అడుగున కొంచెంలా కనిపిస్తుంది, చెయ్యి ఆగదు. వంటకి వాడే కొలత కప్పుతో నీళ్లు ఒకసారి పోసి ఎక్కడిదాకా వస్తుందో చూసుకోండి. నేనైతే ఆ పెద్ద గ్లాసులు మానేసి చిన్నవి తెచ్చుకున్నాను.

మీ అక్కకి: ఇండియాలో మంచి బాక్సు వైన్ కోసం వెతకడం దండగ. నాసిక్‌లో చేసే సులా కంపెనీ షెనిన్ బ్లాఁలో కాస్త తీపి ఉంటుంది, హైదరాబాదీ కారాలకి బాగానే ఆగుతుంది. తీపి వద్దంటే వాళ్లదే సావిన్యోఁ బ్లాఁ. నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా జరుగుతుంది కాబట్టి లేబుల్ మీద కొత్త ఏడాది ఉన్నది చూసి తీసుకోమనండి. మే నెల ఎండల్లో ఏసీ లేని షాపులో అద్దం పక్కన నిలబెట్టిన సీసా మాత్రం సగం ధరకిచ్చినా వద్దు, లోపల ఫ్రిజ్‌లోంచి తీసివ్వమని అడగమనండి.